తేజస్విని కట్టిన పుట్ట

మా అపార్ట్‌మెంటులో ఏ ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియకుండా ఉండదు. గుమ్మం ముందు చెప్పులు చూస్తే ఎవరింటికి చుట్టాలొచ్చారో తెలుస్తుంది. చెత్తబుట్ట బయటపెట్టే మనిషి మారితే ఏ మొగుడూ పెళ్లాలకు మాటల్లేవో తెలుస్తుంది. మూడో అంతస్తులో ఉండే తేజస్విని ఒక్కతే నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు.

వాళ్లది కదిరి వైపు. తండ్రి పెద్దన్న శంకరపల్లి దాటాక వెంచర్లు వేసి ప్లాట్లు అమ్మిస్తాడు. తల్లి జయమ్మ వాళ్ల వంటింట్లో మాట్లాడితే మా బాల్కనీలో వినిపిస్తుంది. ఇక్కడికి, పుప్పాలగూడకు వచ్చేనాటికి ఆ పిల్ల ఇంకా గౌన్లు వేసుకునేది. ఒకరోజు నేను కూరలు పట్టుకుని మెట్లెక్కుతుంటే, మెట్ల మధ్యలో నిలబడి తల వెనక్కి వాల్చి పైకి చూస్తోంది.

"ఏం చూస్తున్నావమ్మాయ్?"

"బల్లి ఎందుకు పడదు మామ్మా?"

"బల్లి కాబట్టి పడదు."

"మన ట్యూబులైటుకు మేకు కొట్టాలి గదా. బల్లికి ఎవరు కొట్టినారు?"

బల్లి మీద పడితే ఏ దోషమో, ఏ భుజం మీద పడితే ఏం ఫలమో పంచాంగం చూడకుండా చెప్పగలను. పడకపోవడానికి కూడా ఒక కారణం ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఆ సాయంత్రం పప్పు మాడిపోయేదాకా మా వంటింటి గోడ మీది బల్లినే చూస్తూ కూర్చున్నాను.

పెద్దయ్యాక అందరు పిల్లల్లా కంప్యూటర్ల చదువులో చేరలేదు. మెకానికల్ అంది. ఇంటి ఎదురుగా ఇన్ని అద్దాల మేడలు పెట్టుకుని, నడిచిపోయేంత దూరంలో ఉద్యోగాలు పెట్టుకుని, ఇనుము పని చదువుతానంటుందేమిటని పెద్దన్న వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదట. ఆఖరి సంవత్సరానికి వచ్చేసరికి తండ్రీ కూతుళ్ల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఆ సంగతి జయమ్మే నాకు చెప్పింది. కాలేజీలో పార్థసారథి గారని ఒక పెద్ద సారు ఉన్నారు. ఈ సంవత్సరం తేజస్విని చేసే ప్రాజెక్టు సరిగ్గా పని చేస్తే, చదువయ్యాక తన దగ్గరే పరిశోధనకు చేర్చుకుంటానన్నారు. పని చేయకపోతే నోరెత్తకుండా అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేరాలి. అదీ పెద్దన్న మాట.

"ఇంతకీ ఏం ప్రాజెక్టు తల్లీ?" అని లిఫ్టులో దొరికినప్పుడు అడిగాను.

"ప్రకృతిలో ఏదో ఒక ప్రాణి ఏదో ఒక ఉపాయం చేసుకుని బతుకుతాంటుంది గదా మామ్మా. ఆ ఉపాయం మనం నేర్చుకుని, మనుషుల కష్టం ఒకటి తీర్చాల. జపాన్‌లో లకుముకి పిట్ట ముక్కు చూసి రైలుకు ముక్కు పెట్టినారు, తెలుసా? మా క్లాసులో కొందరు తామరాకును పట్టుకున్నారు. నీళ్లు అంటుకోవు గదా, అట్లాంటి రంగు చేస్తారంట."

"మరి నువ్వు?"

"నేను పుట్ట."

లిఫ్టు ఆగింది. ఆమె దిగిపోయింది. నేను నా అంతస్తు దాటి పైదాకా పోయి మళ్లీ కిందికి వచ్చాను.

మా గేటు పక్కన, ప్రహరీని ఆనుకుని ఐలయ్య ఇస్త్రీ రేకుల షెడ్డు ఉంది. మా బాల్కనీకి సరిగ్గా కిందే. ఎదురుగా కనిపించే అద్దాల మేడల్లో పనిచేసేవాళ్లు చలికి స్వెట్టర్లు వేసుకుని కూర్చుంటారని మా వాళ్లే చెబుతారు. వాళ్ల చొక్కాలు ఇస్త్రీ చేసే ఐలయ్య మాత్రం పైన రేకులకూ చేతిలో బొగ్గుల పెట్టెకూ మధ్య ఉడికిపోతుంటాడు. ఫ్యాను పెడితే బొగ్గుల బూడిద ఎగిరి బట్టల మీద పడుతుంది. అందుకని ఫ్యాను కూడా లేదు. తేజస్విని తీరుస్తానన్న కష్టం అదే.

"గిదేంది బిడ్డా, నా షెడ్డుకు పుట్ట కడతనంటవు? పాములొస్తయేమో," అన్నాడు ఐలయ్య.

"పుట్ట పాములది గాదు ఐలయ్యన్నా. చెదలు కడతాయి. పాము వచ్చి చేరుతాది."

"అంటే కిరాయికా?"

"కిరాయి గూడా ఇయ్యదు."

"అగో, మా రెండో ఫ్లోరు బ్యాచిలర్ పోరగాండ్ల లెక్క," అని నవ్వాడు. "సరే, కట్టుకో. బట్టల మీద మట్టి పడొద్దు, గంతే."

శ్రావణం వెళ్లాక పని మొదలుపెట్టింది. వాళ్ల నాన్న వెంచరు నుంచి ఎర్రమట్టి బస్తాల్లో తెచ్చింది. అందులో ఊక కలిపి తొక్కింది. నేను బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తూ అడిగేదాన్ని. ఊక ఎందుకు? మట్టి ఆరాక సన్న సన్న బెజ్జాలు ఉండటానికి. బెజ్జాలు ఎందుకు? పుట్ట ఊపిరి పీల్చుకోవడానికి. పుట్ట ఊపిరి పీల్చుకోవడమేమిటి? బయట గాలి వీచినప్పుడు, పగటి ఎండకూ రాత్రి చల్లదనానికీ తేడా వచ్చినప్పుడు లోపలి గాలి ఆ బెజ్జాల్లోంచి, గొట్టాల్లోంచి కదులుతుందట. లోపల లక్షల పురుగులున్నా ఉక్కిరిబిక్కిరి కావట. ఆఫ్రికాలో ఒక పెద్ద భవనం ఈ పద్ధతి చూసే కట్టారట. నేను చదివింది ఐదో తరగతి. పుట్ట గురించి మా పంతులమ్మ చెప్పింది ఒక్కటే: చెయ్యి పెట్టకూడదని.

చూస్తుండగానే ప్రహరీకంటే ఎత్తు లేచింది. కింద లావుగా, పైన కోసుగా, పక్కన రెండు పిల్ల కొమ్ములతో. అచ్చం పుట్ట. లోపలి నుంచి మూడు గొట్టాలు ఐలయ్య షెడ్డులోకి పోయాయి. షెడ్డులో ఒకటి, బయట ఒకటి వేడి కొలిచే చిన్న డబ్బాలు తగిలించింది. వాటి అంకెలు ఆమె ఫోనులో కనిపిస్తాయి.

చల్లబడలేదు.

ఒకరోజు షెడ్డులో బయటంత వేడి. ఒకరోజు బయటికన్నా ఎక్కువ. గొడుగు ఊచ పట్టుకుని గోడల నిండా బెజ్జాలు పొడిచింది. లాభం లేదు. కొన్ని మూసింది. లాభం లేదు. ఆ సారు వచ్చి చూసే రోజు దగ్గరకొచ్చేసింది. ఒక మధ్యాహ్నం నేను మజ్జిగ పట్టుకుని కిందికి పోతే, పుట్ట మొదట్లో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"మామ్మా, చెదలకు కళ్లు గూడా కనిపించవు. ఇంజనీరింగు చదవలేదు. వాటికి వచ్చింది నాకెందుకు రాలేదు?"

"అవి ఊరంతా కలిసి కడతాయమ్మా. నువ్వొక్కదానివి."

అదేదో గొప్ప మాటలా నా వంక చూసింది. నేను ఏదో ఊరుకోబెట్టడానికి అన్నాను. అందులో ఏం కనిపించిందో నాకు తెలియదు.

ఇక కార్తీకం వచ్చింది, నాగుల చవితి. మా గోదావరి జిల్లాల వాళ్లకు ఈ చవితి అంటే పుట్ట దగ్గరికి పోయి పాలు పోయాల్సిందే. ఈ చుట్టుపక్కల పుట్టలన్నీ మేడల కిందికి పోయాయి. కిందటేడు మేమంతా రెండు కార్లు మాట్లాడుకుని నార్సింగి అవతల పుట్ట ఉందంటే పోయాం. అక్కడ వెంచరు బోర్డు ఉంది, పుట్ట లేదు. చివరికి ఎవరో ఇంటి వెనక చీమల కుప్ప చూపిస్తే దాని మీదే పోసి వచ్చాం.

నాలుగో అంతస్తు పద్మావతి శ్రావణంలోనే బెంగళూరులో కూతురి దగ్గరికి పోయి, చవితి ముందు రాత్రే తిరిగి వచ్చింది. తెల్లారి వాళ్ల బాల్కనీ నుంచి కిందికి చూసింది. చూసి, నా తలుపు విరిగిపోయేట్టు కొట్టింది.

"పిన్నిగారూ! మన గేటు పక్కనే పుట్ట లేచిందండీ! నేను ఊళ్లో లేనప్పుడు! ఒక్కరైనా ఫోను చేసి చెప్పరా?"

"అది పుట్ట కాదే పద్మావతీ. తేజస్విని కాలేజీ ప్రాజెక్టు."

"మట్టిది కాదా?"

"మట్టిదే."

"లోపల బొరియలు లేవా?"

"ఉన్నాయనుకో."

"మరి పుట్ట కాదంటారేంటండీ?"

"మనిషి కట్టిందే."

"వినాయక చవితికి వినాయకుణ్ణి ఎవరు చేస్తారండీ? ఏనుగులొచ్చి చేస్తున్నాయా?"

ఇప్పటికీ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. నేను చీర మార్చుకుని వచ్చేలోపే ఆమె అపార్ట్‌మెంటు గ్రూపులో ఫోటో పెట్టేసింది. మా వాళ్లే కాదు, పక్క సందులో మూడు అపార్ట్‌మెంట్ల వాళ్లు కూడా పాలచెంబులతో వచ్చేశారు. చలిమిడి, చిమ్మిలి, అరటిపళ్లు, ప్రతి బెజ్జం మీదా పసుపూ కుంకుమా. ఎవరో కోడిగుడ్లు కూడా తెచ్చి బొరియల్లోకి వదిలారు. తేజస్వినికి ఫోను చేశాను. పరీక్ష హాల్లో ఉందేమో, ఎత్తలేదు. జయమ్మ అప్పటికే కూరగాయల మార్కెట్టుకు పోయింది.

"ఐలయ్యా, కాస్త నువ్వైనా చెప్పవయ్యా," అన్నాను.

"నేనేం చెప్త పెద్దమ్మా? మా నాగుల పంచమి శ్రావణంలనే అయిపాయె. మీ దేవుడు, మీ పాలు. నాకైతే గిరాకీ మంచిగున్నది, నిలబడ్డోళ్లంత బట్టలిచ్చి పోతున్నరు."

పాలు పోశాక పుట్టమన్ను తీసి చెవులకు పెట్టుకోవాలి కదా. చెవిపోటు రాదని. వచ్చినవాళ్లందరూ తలా ఇంత గోకారు. ఇంట్లో ఉండిపోయిన మొగుళ్లకూ పిల్లలకూ కొంగున కట్టుకుపోయారు. నేనూ పెట్టుకున్నాను. నా ఎదురుగా పుట్ట ఉంది, చవితి ఉంది, చెవులున్నాయి. పెట్టుకోక ఏం చేయను?

జయమ్మ ముందు వచ్చింది. సంచి కింద పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమ్మా పద్మావతమ్మా! మా పాప ఎండకు ఎండి, చేతులు పగిలి కట్టిండేదానిమీద పాలు పోసినారే! ఎల్లుండి సారు వస్తాడు. ఏం జూపిస్తాది ఇప్పుడు? గుడ్లా?"

"దేవుడికి పాలు పోస్తే తప్పేంటండీ?"

"దేవుడు యాడున్నాడు దీంట్లో? ఇది మా పాప..." అని వేలు చూపిస్తూ ముందుకొచ్చిన జయమ్మకు పుట్ట నిండా కుంకుమ, బంతిపూలు, వెలుగుతున్న దీపం కనిపించాయి. మాట మధ్యలోనే కాళ్లకున్న చెప్పులు విడిచింది. చెప్పులు విడిచాక తిట్టడం కుదరలేదేమో, పమిట భుజం చుట్టూ కప్పుకుని ఒక దండం పెట్టింది. పెట్టి, మళ్లీ చెప్పులు వేసుకుని, ఇవతలికి వచ్చి మిగిలింది తిట్టింది.

మధ్యాహ్నం తేజస్విని వచ్చింది. ఆమె అరుస్తుందనుకున్నాం. అరవలేదు. పుట్ట చుట్టూ ఒకసారి తిరిగింది. పద్మావతి అది ప్రదక్షిణ అనుకుని నా మోచేయి గిల్లింది. ఆ పిల్ల గోకిన చోట వేళ్లు పెట్టి చూసింది, తడిసిన చోట అరచెయ్యి ఆనించింది. తర్వాత ఫోను తీసింది. దానివంక చూసి, దాన్ని అరచేత్తో తట్టి, మళ్లీ చూసింది.

"మామ్మా, షెడ్డులో చల్లగుండాది."

"ఆఁ?"

"బయటికన్నా తక్కువుండాది. మూడు డిగ్రీలు. ఐలయ్యన్నా, నీకేమన్నా తెలుస్తాందా?"

"నేను గదే జెప్దామనుకుంటున్న బిడ్డా. పొద్దుగాల పూజ అయిన సంది మొకం తుడుసుకోలే. జర సల్లగనే ఉన్నది."

"చూశావా నాగేంద్రుడి మహిమ!" అంది పద్మావతి. "నీ ప్రాజెక్టు పాసైపోయింది పో. ఎల్లుండి సారుకు ఇదే చూపించు."

జయమ్మ ముఖం విప్పారింది. వెంటనే పెద్దన్నకు ఫోను కలిపింది. ఆ పిల్ల ముఖం మాత్రం, పని చేయనప్పటికంటే అధ్వాన్నంగా అయిపోయింది. మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

"నాకేం అర్థం కావడంలేదు మామ్మా. తడిసినందుకు చల్లబడిందా, కుండలో నీళ్లు చల్లబడినట్ల? లేకుంటే అందరూ గోకినందుకు గోడ పలచనై గాలి ఆడుతాందా? లేకుంటే పైన బెజ్జాలు చలిమిడితో మూసుకుపోయినందుకా? మూడూ ఒక్కసారే చేసినారు మీరు."

"ఏదైతేనేం తల్లీ, చల్లబడింది కదా?"

"దేనికి చల్లబడిందో తెలియకుంటే ఇంకోటి ఎట్ల కట్టాల?"

"ఇంకోటి ఎందుకు?"

ఆమె నా వంక చూసింది. నేను ఆమె వంక చూశాను. ఇద్దరిలో ఎవరికి ఏం అర్థం కాలేదో నాకు తెలియలేదు.

సారు వచ్చేనాటికి పుట్ట ఇంకా చెమ్మగానే ఉంది. కానీ పులిసిన పాల వాసన. కోడిగుడ్ల సంగతి చెప్పనక్కర్లేదు. చీమలు బారులు కట్టాయి. ఐలయ్య దగ్గర చొక్కా తీసుకున్న ఒకాయన, ఆఫీసులో పెరుగన్నం వాసనొస్తోందని తిరిగి తెచ్చి ఇచ్చిపోయాడట.

పార్థసారథి గారు సన్నగా, నుదుటి మీద చిన్న బొట్టుతో ఉన్నారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, పుట్ట మీద పూలు చూసి ఒక్క క్షణం ఆగి, ఆయన కూడా బూట్లు విప్పారు. విప్పాక మేజోళ్లతో మట్టిలో నిలబడాల్సి వచ్చింది. షెడ్డులోకి పోయి ఫోనులో అంకె చూశారు.

"బాగుందమ్మా! పని చేస్తోంది!"

మా జయమ్మ గేటు చువ్వలు పట్టుకుని వింటోంది. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల పెద్దన్న.

"లేదు సార్," అంది తేజస్విని.

"లేదా?"

"అంటే, పని చేస్తోందో లేదో నాకు తెలియదు సార్. నేను కట్టిన పుట్ట పని చేయలేదు. ఇది వీళ్లు పాలు పోసి, గోకి, బెజ్జాలు మూసినాక చల్లబడింది. ఏ కారణంతోనో తెలియదు."

"ఏమ్మే, నోరు మూసుకుని అంకె చూపించు!" అని గేటు దగ్గర్నుంచి జయమ్మ అననే అంది. ఆ మాట సారుకు కూడా వినిపించింది.

ఆయన పుట్ట దగ్గరికి వచ్చారు. గోకిన చోట వేలు పెట్టి చూశారు. ఆ వేలిని చెవి దాకా తీసుకుపోయి, ఎందుకో ఆగి, దించేశారు.

"అయితే ఈ పరీక్ష చెల్లదమ్మా," అన్నారు. "మూడు మార్పులు ఒకేసారి జరిగితే దేనివల్ల జరిగిందో నేనూ చెప్పలేను. మళ్లీ కట్టు. ఒక్కొక్క మార్పే చెయ్యి. ఉగాది లోపల నాకు చూపించు. పాలు వద్దు, నీళ్లు చాలు."

"అయితే మా పాపను చేర్చుకుంటారా సార్, లేదా?" జయమ్మ ఆగలేకపోయింది.

"పని చేస్తే చేర్చుకుంటానన్నాను. ఇది చేసిందనలేను." బూటు లేసు కట్టుకుంటూ ఆయన కాస్త ఆలోచించారు. "చేయలేదని కూడా అనలేను. ఈలోగా ప్రతి శనివారం నా ల్యాబుకు రమ్మనండి."

ఆయన పోయాక జయమ్మ ఫోను చేత్తో మూసి నా దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, మా ఆయప్పకు ఏం చెప్పాల? అయినట్టా, కానట్టా?"

నేను తేజస్విని వంక చూశాను. ఆ పిల్ల పద్మావతి వంక చూసింది. పద్మావతి పుట్టకు దండం పెట్టింది. చివరికి జయమ్మ ఫోను కూతురికే ఇచ్చింది. ఆ పిల్ల మేడ వెనక్కి పోయి మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. మా బాల్కనీలోంచి వినపడని మాట ఈ అపార్ట్‌మెంటులో అదొక్కటే.

మళ్లీ కట్టాలంటే పాతది తీసేయాలి. అక్కడొచ్చింది చిక్కు. పూజ చేసిన పుట్టను ఎవరు పగలగొడతారు? వాచ్‌మన్ పుల్లయ్యను అడిగితే గుళ్లో పని ఉందని పోయాడు. జయమ్మ గునపం ముట్టుకోనంది. ఐలయ్యను అడిగితే, "మీ దేవుడైతే మాత్రం? నాకు పిల్లలున్నరు," అన్నాడు. తేజస్విని తానే గునపం తీసుకుంది, ఎత్తింది, పక్కన పెట్టేసింది. "చదివినదానివి, నువ్వు కూడానా?" అన్నాను. "నాకూ తెలియదు మామ్మా," అంది.

తర్వాతి రోజు పొద్దున్నే ట్రాలీ ఆటో ఒకటి వచ్చి మా గేటు ముందు ఆగింది. నిండా ఎర్రమట్టి, పైన నాలుగు ఊక బస్తాలు. పెద్దన్న పంపించాడు. మనిషి రాలేదు, ఫోను చేయలేదు. ఎక్కడ దింపాలో డ్రైవరు అడిగితే జయమ్మ షెడ్డుకు రెండో పక్క చూపించింది. ఆ రోజు నుంచి వాళ్లింట్లో అమీర్‌పేట మాట వినిపించలేదు.

తేజస్విని పాత పుట్ట గొట్టాల్లోంచి షెడ్డులోకి గాలి రాకుండా మూసేసి, దాన్ని మాకు వదిలేసింది. కొత్తది రెండో పక్కన లేచింది. ఐలయ్య రెండు పుట్టల మధ్య నిలబడి ఇస్త్రీ చేస్తున్నాడు. కొత్తదాని మీద తేజస్విని ఒక వారం నీళ్లు చల్లుతుంది, ఒక వారం చల్లదు. ఒకసారి ఒక పక్క గోకుతుంది, మళ్లీ పూస్తుంది. దాని మీద ఎవరూ పాలు పోయకుండా చూసే పని నాకు అప్పజెప్పింది. పద్మావతి రోజూ రెంటికీ దూరం నుంచి దండం పెడుతుంది. కొత్తదానికి ఎందుకే అంటే, "ఏది ఎప్పుడు పుట్టవుతుందో మనకేం తెలుసండీ," అంటుంది.

నిన్న మధ్యాహ్నం నేను షెడ్డులోకి పోయి కొత్త గొట్టం దగ్గర చెయ్యి పెట్టాను. చల్లగా తగిలింది. తర్వాత ఊరికే ఉన్న పాత గొట్టం దగ్గరా పెట్టాను. అదీ చల్లగానే తగిలింది. పరుగున పోయి తేజస్వినికి చెప్పాను.

"పాతదానికి లోపల మూసేసినా గదా మామ్మా. దాంట్లోంచి గాలే రాదు."

"మరి నా చేతికి తగిలిందే?"

ఆ పిల్ల చేస్తున్న పని ఆపి, మట్టి చేతులతోనే నా వెంట షెడ్డులోకి వచ్చింది. పాత గొట్టం దగ్గర చెయ్యి పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

"ఇదెట్ల?" అంది.